125 కిలోల చింతపండుకి ఒక మూడో తరగతి

(నవంబరు 15, బిర్సా ముండా 150వ జయంతి రోజున పాడేరు ఏజెన్సీలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. మాట్లాడినప్పుడు మర్చిపోయిన ఒకటి రెండు విషయాలు రాసేటప్పుడు కలిపాను.)

దూరం నుంచి నడిచొచ్చిన అమ్మలకి, అక్కలకి ముందుగా జోహార్లు. రాజ్‌మా పీకే రోజుల్లో పని మానుకుని మీరు ఇక్కడికొచ్చారు, అందుకని ఎక్కువసేపు మాట్లాడను. అలా అని తొందరగా ముగిస్తానని మాట కూడా ఇవ్వలేను. మాస్టర్లకి ఆ జబ్బు ఉంటుంది.

బిర్సా గురించి పెద్దలు ఇప్పటిదాకా చాలా చెప్పారు. నేను పుస్తకాల గురించి మాట్లాడతాను. పిల్లల స్కూలు పుస్తకాలు, వాటి ధర. ఇదేం పెద్ద విషయమని కొందరికి అనిపించొచ్చు. భూమి గురించి, అడవి గురించి మాట్లాడాల్సిన చోట నోటుబుక్కుల గోలేంటని ఒక తమ్ముడు నిన్న ఫోన్లో అడిగాడు కూడా. ఎందుకో చెప్తాను.

మొన్న జూన్‌లో ఒక అమ్మ మా ఇంటికొచ్చింది. ఊరు పేరు, మనిషి పేరు చెప్పను, ఆవిడకి ఇష్టం లేదు. చేతిలో ఒక కాగితం ఉంది. మండల కేంద్రంలో ఉన్న ఒక ప్రైవేటు స్కూలు ఇచ్చిన కాగితం అది. మూడో తరగతి పుస్తకాల లిస్టు. టెక్స్టుబుక్కులు, వర్కుబుక్కులు, నోటుబుక్కులు, డైరీ, అట్టలు, లేబుళ్ళు, అన్నీ కలిపి 4,500 రూపాయలు. కింద ఒక లైను ఉంది, పుస్తకాలు బడిలోనే తీసుకోవాలని. బయట కొన్నవి ఒప్పుకోరట.

ఆవిడకి చదువు రాదు. నేను చదివి చెప్పాను. మొత్తం విని ఒకటే అడిగింది. "బాబూ, ఇది ఎన్ని కిలోల చింతపండు?"

నేను లెక్క వేశాను. గింజ ఉన్న చింతపండుకి కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రకటించిన కనీస మద్దతు ధర కిలో 36 రూపాయలు. ఆ ధర నిజంగా చేతికొస్తుందనే అనుకుందాం. 4,500ని 36తో భాగిస్తే 125 కిలోలు. ఒక మనిషి నెత్తి మీద పాతిక కిలోలు మోస్తుందనుకుంటే అయిదు మోతలు. కొండ దిగి సంతకొచ్చి, మళ్ళీ కొండెక్కి, అట్లా అయిదుసార్లు. చెట్టెక్కి రాల్చడం, ఏరడం, పెంకు తీయడం, ఎండబెట్టడం ఇందులో లెక్కలేదు. సంతలో షావుకారు తూకం రాయి ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆవిడ ఇంకో మాట అడిగింది. "మా పెద్దోడు అదే బడిలో మూడు చదివాడు కదా, ఆ పుస్తకాలు అటక మీద ఉన్నాయి, అవి పనికిరావా?"

పనికిరావు. ఎందుకు పనికిరావో తర్వాత చెప్తాను, ఇవాళ నేను మాట్లాడేదానికి అసలు కీలకం అదే. ముందు కథ పూర్తి చేస్తాను. పెద్దోడికి అయిదో తరగతి సెట్టు, చిన్నదానికి మూడో తరగతి సెట్టు. రెండూ కొనలేరు. ఎవర్ని మానిపించారో మీరు చెప్పండి.

(సభలో ఆడవాళ్ళు ఒక్కసారే "ఆడపిల్లనే" అన్నారు.)

అవును. ఇద్దర్లో చదువులో ముందున్నది ఆ పిల్లే. ఆ మాట తల్లే నాతో చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు ఊళ్ళో ఒంటి టీచరు బడిలో ఉంది. ఆ టీచరు మీటింగులకి వెళ్ళిన రోజు బడి మూసేస్తారు.

ఇక్కడ మీలో కొందరు అంటారు, ప్రైవేటుకి ఎవరు పొమ్మన్నారు, సర్కారు బడిలో అన్నీ ఉచితమే కదా అని. నిజమే. ప్రభుత్వ బడిలో పుస్తకాలు ఉచితం, యూనిఫాం ఉచితం, బూట్లు కూడా ఇస్తున్నారు. 2020 నుంచి కిట్టు ఇస్తున్నారు, ప్రభుత్వం మారితే కిట్టు పేరు మారింది, బ్యాగు రంగు మారింది, కిట్టు మాత్రం ఆగలేదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. నేను ఆశ్రమ పాఠశాలలో చదువుకున్న రోజుల్లో అట్ట ఊడిపోయిన పాత పుస్తకానికి కూడా పోటీ ఉండేది. పై తరగతి అన్నకి ఏప్రిల్లోనే చెప్పి పెట్టుకునేవాళ్ళం, "అన్నా, నీ సోషలు నాకే" అని. సగం ధర. బాగా ఉంచినవైతే ముప్పావు ధర. డబ్బుల్లేనివాడు వాళ్ళింటి నుంచి పనసపండు తెచ్చిచ్చేవాడు. నా ఏడో తరగతి లెక్కల పుస్తకం నా కంటే ముందు ముగ్గురు చదివారు, ముగ్గురి పేర్లూ మొదటి పేజీలో ఉన్నాయి, నాలుగోది నాది. లెక్కల జవాబులు పక్కన పెన్సిలుతో రాసి ఉండేవి. రెండు జవాబులు తప్పు. ఆ తప్పు ముగ్గురి నుంచి నా దాకా వచ్చింది, మాస్టారు బెత్తం దెబ్బ మాత్రం నాకొక్కడికే తగిలింది.

నవ్వుకోండి, కానీ ఒక్కటి గమనించండి. ఒక పుస్తకం నలుగురు చదివారు. అంటే దాని ధర నాలుగు ఇళ్ళ మీద పడింది. పేదవాళ్ళు పుస్తకం కొనుక్కునే పద్ధతి ఎప్పుడూ ఇదే. నేను పైన చెప్పిన ప్రైవేటు సెట్టు ఈ పద్ధతినే చంపేసింది. ఎలాగంటే, పుస్తకంలోనే ఖాళీలు పెడతారు. అందులోనే రాయాలి, అందులోనే బొమ్మలకి రంగులు వెయ్యాలి, స్టిక్కర్లు అందులోనే అంటించాలి. వర్కుబుక్కు అంటారు. ఒకసారి రాశాక ఆ పుస్తకం ఇంకొకరికి పనికిరాదు. రాయని పుస్తకాలేమైనా మిగిలితే, రెండేళ్ళకి పబ్లిషరు మారతాడు. పబ్లిషరు మారకపోతే పాఠాల వరస మారుతుంది, పేజీ నంబర్లు మారతాయి. "టీచరు 42వ పేజీ తియ్యమంటే మా పాపకి వేరే పాఠం వస్తోంది సార్" అని ఒక నాన్న నాతో అన్నాడు. పాఠం అదే. మామిడిచెట్టు గురించే. పేజీ మారింది, దానికి మళ్ళీ డబ్బు.

ఇంకో సంగతి. పుస్తకాన్ని ఎంచుకునేది స్కూలు. డబ్బు కట్టేది మనం. ఎంచుకునేవాడి జేబులోంచి డబ్బు పోనప్పుడు, ధర తగ్గాలని వాడికి ఎందుకుంటుంది? ధర ఎంత ఎక్కువుంటే మధ్యలో మిగిలేది అంత ఎక్కువ. అందుకే బడిలోనే కొనాలంటారు. మందుల షాపుకీ డాక్టరుకీ మధ్య జరిగేదాని గురించి మీకు తెలుసు, ఇది అదే.

ఇప్పుడు ఒక పోలిక చెప్తాను. సమగ్ర శిక్ష అని కేంద్ర పథకం ఉంది. దాని లెక్కల్లో ప్రాథమిక తరగతుల బిడ్డకి ఏడాదికి పాఠ్యపుస్తకాల ఖర్చు 250 రూపాయలు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 400. ఒక దేశ ప్రభుత్వం, నిపుణుల్ని పెట్టి లెక్క కట్టి, మూడో తరగతి పిల్లకి 250 రూపాయల్లో పుస్తకాలు ముద్రించి ఇవ్వొచ్చు అంటోంది. ఆ 250 చాలదని మీరు అనొచ్చు, నేనూ అంటాను. కానీ 4,500 దానికి పద్ధెనిమిది రెట్లు. నోటుబుక్కులు, డైరీ, అట్టలు తీసేసి చూసినా చాలా రెట్లు ఎక్కువే. పద్ధెనిమిది రెట్ల చదువు ఆ పుస్తకాల్లో ఉందా? నేను ఆ సెట్టు తెప్పించి చూశాను. కాగితం నున్నగా ఉంది. బొమ్మలు మెరుస్తున్నాయి. ఇంగ్లీషు పాఠంలో ఒక కుటుంబం బీచికి వెళ్ళి ఐస్‌క్రీం తింటుంది. మిగతాదంతా మన రాష్ట్ర పుస్తకంలో ఉన్నదే.

ఇది మన ఏజెన్సీ గోడే కాదు. ఈ ఆగస్టులో కేంద్ర గణాంక శాఖ చదువు ఖర్చు మీద ఒక సర్వే బయటపెట్టింది. దేశమంతా ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వే. ప్రభుత్వ బడిలో చదివే పిల్లవాడి మీద ఇంటివాళ్ళు ఏడాదికి సగటున పెట్టే ఖర్చు 2,863 రూపాయలు, మిగతా బడుల్లో 25,002. ఖర్చుల్లో ఫీజు మొదటిది, దాని తర్వాతి స్థానం పుస్తకాలు, స్టేషనరీదే. సగటున పిల్లవాడికి 2,002 రూపాయలు. దేశం సగటు ఇది. సగటు అంటే మీకు తెలుసు కదా, కలెక్టరు గారి జీతం, నా జీతం, మీ కూలీ కలిపి మూడుతో భాగిస్తే వచ్చేది.

సరే, మళ్ళీ ఉచిత పుస్తకం దగ్గరికి వద్దాం. ఉచితమే. కానీ ఎప్పుడు వస్తుంది? పుస్తకం మండల కేంద్రానికి లారీలో వస్తుంది. అక్కడి నుంచి స్కూలు కాంప్లెక్సుకి ఆటోలో వస్తుంది. అక్కడి నుంచి కొండ మీద బడికి? రోడ్డు లేని ఊరికి రోగిని డోలీ మీద కిందికి మోస్తాం, పుస్తకాల్ని కావిడితో పైకి మోస్తాం. మోసేది మనవాళ్ళే, ఆ కూలీ ఏ పద్దులోనూ లేదు. టీచరు మంచివాడైతే తన జేబులోంచి ఇస్తాడు. లేకపోతే "ఈ ఆదివారం సంతకొచ్చినప్పుడు తెచ్చుకోండి" అంటారు. అందుకే రోడ్డు పక్క బడిలో జూన్‌లో పంచిన పుస్తకం, కొండ మీద బడిలో వానలు తగ్గాక పంచుతారు. కొన్నిచోట్ల ఒక సబ్జెక్టు అసలు రాదు. రెండో సెమిస్టరు పుస్తకం వచ్చిందని మొదటి సెమిస్టరుది వదిలేస్తారు. ఉచితంగా ఇచ్చేది ఆలస్యమైతే అడగడానికి మనకి మొహమాటం. ఊరికే ఇస్తున్నారు కదా అని. అది ఊరికే ఇవ్వడం కాదు, ఆ మాట గట్టిగా పట్టుకోండి. సబ్బు కొన్నా మనం పన్ను కడుతున్నాం.

పన్ను అన్నాను కాబట్టి ఒక మంచి వార్త కూడా చెప్పాలి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ ముందు నుంచీ లేదు. నోటుబుక్కుల మీద మాత్రం 12 శాతం ఉండేది. చదువుకునే పుస్తకానికి పన్ను లేదు, రాసుకునే పుస్తకానికి ఉంది! మొన్న సెప్టెంబరు 22 నుంచి నోటుబుక్కులు, పెన్సిళ్ళు, రబ్బర్ల మీద పన్ను తీసేశారు. మంచిదే. అయితే అదే రోజు నుంచి మామూలు ముద్రణ కాగితం మీద పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది. నోటుబుక్కులు తయారుచేసే కాగితానికి మినహాయింపు ఉంది, పాఠ్యపుస్తకాలు అచ్చు వేసే కాగితానికి ఏదీ? వచ్చే జూన్‌లో ప్రైవేటు సెట్టు ధర పెంచడానికి ఒక సాకు ఇప్పటికే తయారుగా ఉందని నా అనుమానం. సంతలో నోటుబుక్కు పాత ధరకే అమ్ముతుంటే మాత్రం అడగండి. అట్ట మీద ఎం.ఆర్.పి. చూడండి, కొత్త సరుకా పాత సరుకా చూడండి.

ఇంకో విషయం కూడా ఉంది, ఇది పట్నంవాళ్ళకి తట్టదు. డబ్బు ఎంత అన్నది ఒకటి, ఎప్పుడు కట్టాలన్నది ఇంకొకటి. ఉద్యోగస్తుడికి జూన్ అయినా డిసెంబరు అయినా ఒకటో తారీకు జీతం వస్తుంది. మన చేతిలో డబ్బు ఆడేది ఎప్పుడు? కాఫీ పళ్ళు, రాజ్‌మా, పిప్పళ్ళు, పసుపు, అన్నీ చలికాలం నుంచి ఎండాకాలం లోపల. చింతపండు ఏప్రిల్‌కి అయిపోతుంది. జూన్‌లో విత్తనాలు, దుక్కి, కూలీ, ఇంట్లో బియ్యం. సరిగ్గా ఇంట్లో పైసా లేని నెలలో బడి కాగితం వస్తుంది. అప్పుడు ఏం చేస్తాం? ఇంకా విత్తనం కూడా వెయ్యని రాజ్‌మా మీద షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుంటాం. పంట వచ్చాక వాడు చెప్పిన ధరకే పొయ్యాలి. అంటే 4,500 పుస్తకాల సెట్టు మనకి పడేది 4,500కి కాదు. పంట ధరలో పోయింది కూడా లెక్కేస్తే ఎంతవుతుందో ఇంటికెళ్ళి మీరే వేసుకోండి. భూమి గురించి మాట్లాడకుండా నోటుబుక్కుల గోలేంటన్న తమ్ముడికి నా జవాబు ఇదే. 1/70 చట్టం ఉండగా మన భూమి చేతులు మారిందంటే, చాలాసార్లు అది ఇలాంటి చిన్న అప్పులతోనే మొదలైంది. పెళ్ళి అప్పు, ఆసుపత్రి అప్పు అందరికీ తెలుసు. ఇప్పుడు చదువు అప్పు కూడా ఆ వరసలో చేరింది.

ఈ ఏడు జూన్‌లో తల్లికి వందనం డబ్బు పడింది కదా అంటారు. పడింది. 15,000లో 2,000 బడి నిర్వహణకని పట్టుకుని 13,000 వేశారు. అంతకుముందు అమ్మ ఒడి. మంచి ఆలోచనే, తల్లి ఖాతాలో వెయ్యడం ఇంకా మంచిది. కానీ ప్రైవేటు బళ్ళలో చేరిన పిల్లల విషయంలో ఆ డబ్బు తల్లి చేతిలో ఎంతసేపు నిలిచింది? పడిందని మెసేజీ వచ్చిన రోజే బడి నుంచి ఫోను వచ్చింది. పాత ఫీజు బాకీకి సరిపోయింది. పుస్తకాలకి మళ్ళీ షావుకారే.

ఇక చట్టం. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని మూడో సెక్షన్ ఏం చెప్తుందంటే, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ బిడ్డ చదువు పూర్తిచెయ్యడానికి అడ్డమయ్యే ఏ ఫీజూ, ఏ ఖర్చూ ఆ బిడ్డ మీద పడకూడదని. ఫీజు ఒక్కటే కాదు, ఖర్చు అని కూడా రాసింది. ఇంకా 12వ సెక్షన్ కింద ప్రైవేటు బడుల్లో మొదటి తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. ఈ చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నిబంధనల్లో, ఆ 25 శాతం పిల్లలకి కూడా పుస్తకాలు, రాత సామగ్రి, యూనిఫాం ఉచితంగా రావాలని స్పష్టంగా ఉంది. మరి సీటు ఉచితం అని చేర్చుకుని, వారం తిరక్కుండానే పుస్తకాల కాగితం చేతిలో పెట్టడం ఏమిటి? మీలో ఆ సీట్లలో పిల్లల్ని చేర్చినవాళ్ళు ఉంటే, చెయ్యెత్తక్కర్లేదు, మీటింగు అయ్యాక నా దగ్గరికి రండి. కట్టిన రసీదు ఉంటే తీసుకురండి. రసీదు ఇవ్వలేదంటే ఆ మాటే కాగితం మీద రాద్దాం.

పద్నాలుగేళ్ళు దాటితే ఈ చట్టం లేదు. తొమ్మిది, పది తరగతుల్లో ఇప్పుడు పుస్తకాలు ఇస్తున్నారంటే అది పథకం, హక్కు కాదు. పథకానికి బడ్జెట్ ఉంటుంది, హక్కుకి కోర్టు ఉంటుంది. సరిగ్గా పిల్ల బడి మానేసే వయసు దగ్గరే చట్టం ఆగిపోయింది. ఇంటర్‌లో మరీ కష్టం. సైన్సు గ్రూపు తీసుకున్న మన పిల్లలు ఎందుకు తక్కువో ఎప్పుడైనా ఆలోచించారా? మార్కులు ఒక్కటే కారణం కాదు. ఆర్ట్స్ పుస్తకాలు తక్కువకి దొరుకుతాయి, సీనియర్ల దగ్గర దొరుకుతాయి. సైన్సుకి టెక్స్టుబుక్కుతో పాటు రికార్డులు, గైడు, ఎంట్రన్సు మెటీరియలు. నాకు తెలిసిన ఒక కుర్రాడు బైపీసీ లో చేరి రెండు నెలలకి హెచ్ఈసీకి మారాడు. హెడ్మాస్టరు "వాడికి ఆసక్తి లేదు" అని రాశారు. వాడికి లేనిది ఆసక్తి కాదు, పుస్తకం.

కొఠారి కమిషన్ గుర్తుందా? 1964 నుంచి 66 దాకా పనిచేసింది. ప్రాథమిక తరగతుల్లో పుస్తకాలు ఉచితంగా ఇవ్వాలని, పై చదువుల్లో బుక్ బ్యాంకులు పెట్టాలని అప్పుడే చెప్పింది. మెడిసిన్, ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకి బుక్ బ్యాంకు పథకం పెట్టారు కూడా. అంటే ఆలోచన కొత్తది కాదు. అరవై ఏళ్ళ కింద చెప్పినదాన్ని మనం మన హైస్కూలు దగ్గర ఎందుకు పెట్టుకోకూడదు? నేను చదువుకున్నప్పుడు నలుగురి పేర్లున్న లెక్కల పుస్తకం, అదే బుక్ బ్యాంకు. దానికి బీరువా లేదు, రిజిస్టరు లేదు, అంతే తేడా.

ఇక్కడ ఢిల్లీలో జరిగిన ఒక కేసు చెప్పాలి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి అని ఒక చిన్న జెరాక్స్ షాపు ఉంది. అక్కడ పిల్లలకి పాఠానికి కావలసిన అధ్యాయాలు పెద్ద పుస్తకాల్లోంచి కాపీ తీసి, కట్టగా కుట్టి ఇచ్చేవాళ్ళు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, ఈ మూడు పెద్ద ప్రచురణ సంస్థలు కలిసి 2012లో ఆ జెరాక్స్ షాపు మీద, యూనివర్సిటీ మీద కేసు వేశాయి. విద్యార్థులు, అధ్యాపకులు షాపు పక్షాన నిలబడ్డారు. 2016లో ఢిల్లీ హైకోర్టు ప్రచురణకర్తల కేసు కొట్టేసింది. 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది, చదువు చెప్పే క్రమంలో టీచరు గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకుంటే అది ఉల్లంఘన కాదని. ఆ తర్వాత పై బెంచికి వెళ్ళారు, అక్కడా మూల సూత్రం నిలిచింది, 2017లో ఆ సంస్థలు కేసే వదులుకున్నాయి. మన టీచర్లు ఈ సంగతి తెలుసుకోవాలి. అట్ట మీద "కాపీ చేయరాదు" అని చూసి పాఠం జెరాక్స్ తియ్యడానికి భయపడే మాస్టర్లు ఉన్నారు. పాఠం చెప్పడానికి కావలసింది తియ్యండి, భయపడకండి. అలాగని మొత్తం పుస్తకాన్ని జెరాక్స్ కొట్టి సంతలో అమ్ముకోవచ్చని ఆ తీర్పు చెప్పలేదు, ఆ పొరపాటు పడొద్దు.

పీడీఎఫ్ ఉంది కదా, ఫోన్లో చదువుకోవచ్చు కదా అని అధికారులు అంటారు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి, నిజం. రాష్ట్ర పుస్తకాలూ ఉన్నాయి. సిగ్నలు కోసం చెట్టెక్కే ఊళ్ళ సంగతి పక్కన పెట్టండి. ఏకలవ్య బడుల్లో మన పిల్లలు చదివేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. చిన్న తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం అచ్చు ధర 65 రూపాయలు. మండల కేంద్రంలో ప్రింటు తీస్తే పేజీ రెండు రూపాయలు. 150 పేజీల పుస్తకం పీడీఎఫ్ నుంచి తీయిస్తే 300. ఉచిత పీడీఎఫ్ అచ్చు పుస్తకం కంటే నాలుగున్నర రెట్లు ఖరీదు! అచ్చు పుస్తకం మన దగ్గర దొరికితే ఈ గొడవే లేదు. దొరకదు. దానికోసం విశాఖపట్నం వెళ్ళాలి, బస్సు ఛార్జీ పుస్తకం ధర కంటే ఎక్కువ.

మరి మన దగ్గర గిరిజన సహకార సంస్థ ఉంది. 1956 నుంచి ఉంది. మన చింతపండు కొంటుంది, తేనె కొంటుంది, డిపోల్లో సరుకులు అమ్ముతుంది. ఆ డిపోలో 65 రూపాయల పుస్తకం ఎందుకు అమ్మకూడదు? జూన్‌లో నోటుబుక్కు ఇచ్చి, ఏప్రిల్లో చింతపండు పోసినప్పుడు పట్టుకోవచ్చు కదా. షావుకారు ఈ పని వడ్డీకి చేస్తున్నాడు. మన పేరు మీద పెట్టిన సంస్థ వడ్డీ లేకుండా చెయ్యలేదా? ఇది నా సొంత ఆలోచన. తప్పులుంటే చెప్పండి.

ఇప్పటిదాకా చెప్పినదంతా డబ్బు లెక్క. ఇంకొక్క లెక్క ఉంది, అది చెప్పకపోతే నేను ఆదివాసీ మాస్టర్ని కాను. ఉచితంగా, సమయానికి, కొత్త పుస్తకమే వచ్చిందనుకోండి. ఒకటో తరగతి పిల్ల దాన్ని తెరిచింది. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. ఇంట్లో ఆ పిల్ల మాట్లాడేది కువి. లేదా కుపియా, లేదా ఆదివాసీ ఒడియా. రెండు పేజీలూ ఆ పిల్లవి కావు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేశారు. గోండి, కొలామి, కోయ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. మన పెద్దవాళ్ళని కూర్చోబెట్టి కథలు, పాటలు, పండుగలు అడిగి రాయించారు. ఆ పుస్తకం నేను పిల్లల ముందు పెట్టి చూశాను. మొదటిరోజు ఒక పిల్లాడు చదువుతూ చదువుతూ ఆగి, "ఇది మా మాట" అన్నాడు. బడిలో వాడి నోరు తెరుచుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ పుస్తకాలు ఏమయ్యాయి? కొన్ని బడుల్లో ఉన్నాయి, కొన్ని బడుల్లో బీరువాలో ఉన్నాయి. భాషా వాలంటీర్లని కొన్ని నెలలకి తీసుకుంటారు, ఆపేస్తారు, ధర్నా చేస్తే మళ్ళీ తీసుకుంటారు. 2000 సంవత్సరంలో వచ్చిన జీవో 3 మన ప్రాంతంలో టీచరు ఉద్యోగాలు మనవాళ్ళకే ఇచ్చింది, 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పుస్తకం మన భాషలో ఉన్నా, చదివి వినిపించే నోరు మనది కాకపోతే ఏం లాభం? రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే చెప్పాలని ఉంది. ఆ "వీలైనంతవరకు" అన్న మాట దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు. మీకు తెలుసో లేదో, ఇంగ్లీషు మీద నాకేం కోపం లేదు. మన పిల్లలకి ఇంగ్లీషు కావాలి. ఆ అమ్మ ప్రైవేటు బడికి పంపింది కూడా ఇంగ్లీషు కోసమే, ఆవిడది తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ మెట్టు వేసి ఎక్కించాలి కదా. అర్థం కాని పుస్తకం ఉచితంగా ఇస్తే దానికి పిల్ల కట్టే ధర మూడేళ్ళ వయసు. నాలుగో తరగతికొచ్చి కూడా అక్షరాలు కూడబలుక్కుంటుంటే, "ఈ జాతికి చదువు రాదు" అంటారు.

సరే, చాలా సేపయింది. వెనకాల అన్న టైము చూపిస్తున్నాడు. పనులు చెప్పి దిగిపోతాను.

మీ ఇంట్లో ఈ జూన్‌లో వచ్చిన పుస్తకాల లిస్టు ఏ బడిదైనా, ఉంటే తెచ్చివ్వండి. బిడ్డ పేరు కొట్టేసి ఇవ్వండి, ఆ బిడ్డకి అక్కడ ఇబ్బంది రాకూడదు. రసీదు ఉంటే దాని జెరాక్స్ ఇవ్వండి. యాభై కాగితాలు వస్తే ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసరు గారి దగ్గరికి, డీఈఓ గారి దగ్గరికి కలిసి వెళ్దాం. ఒక్క కాగితంతో వెళ్తే "ఫిర్యాదు రాసివ్వండి, చూస్తాం" అంటారు. ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రులు మీ ఊరి బడిలో ఏ పుస్తకం ఏ తారీకున పంచారో టీచరుని అడిగి రాసుకోండి. కొట్లాట వద్దు, తారీకు చాలు. సమాచార హక్కు కింద మండలంలో దిగిన తారీకు మనం అడుగుతాం, రెండూ పక్కపక్కన పెడదాం. పెసా చట్టం గ్రామసభకి అధికారాలిచ్చింది, ఈసారి గ్రామసభలో రోడ్డు, నీళ్ళతో పాటు పుస్తకాలు మోసిన కూలీ కూడా తీర్మానంలో రాయించండి.

ఇంకా, ఏప్రిల్లో పరీక్షలు అయ్యాక పుస్తకాలు పాత కాగితాలవాడికి కిలోల్లెక్కన అమ్మకండి. ఇక్కడ హాస్టల్ పక్క గదిలో ఒక బీరువా పెడుతున్నాం. ఇద్దరు డిగ్రీ పిల్లలు రిజిస్టరు రాయడానికి ఒప్పుకున్నారు. ముందు ఇంటరువి, పదో తరగతివి తీసుకుంటాం. నా లెక్కల పుస్తకం కూడా అందులో పెడదామని ఇంట్లో వెతికాను, దొరకలేదు, మా తమ్ముడు పట్టుకెళ్ళి ఎవరికో ఇచ్చేశాడట.

ఆ అమ్మ ఇవాళ వచ్చింది. ముందు వరసలోనే కూర్చుంది. పాప కూడా వచ్చింది, అదిగో బయట చెట్టు కింద ఆడుతోంది. మూడో తరగతి రెండో సెమిస్టరు తెలుగు పుస్తకం వాళ్ళ ఊరికి ఇంకా రాలేదు. మండల కేంద్రంలో ఉందని నాకు పొద్దున్నే తెలిసింది. మీటింగు అయ్యాక మనలో నలుగురం అక్కడికి వెళ్తున్నాం, వచ్చేవాళ్ళు రండి.